చివరి మంచం జ్వరాలు

"చావులన్నీ తీయించు, నేను చూడాలి" అన్నారు బెజవాడ నుంచి వచ్చిన కొత్త డాక్టరు.

ఆరు మంచాల ఆ ఇబ్రహీంపట్నం దవాఖానకు కాపలా ఉండే పాషా మియా పరుగున పోయి, తాళాల గుత్తి తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. "గివే సాబ్, మన చావిలన్నీ. బీరువాదొకటి దొరుకుతలేదు, జర మాఫ్ చెయ్యున్రి."

"చావిలు కాదయ్యా, చావులు! ఇక్కడ పోయినవాళ్ల రిజిస్టరు!"

"గట్ల చెప్పున్రి సాబ్. గవి గూడ మస్తున్నయ్."

కాంపౌండర్ శంకరయ్య నవ్వలేదు. ఆ రిజిస్టరు రాసింది అతనే. పోలీసు యాక్షన్ జరిగి నెల కాలేదు. రాజ్యం మారింది గానీ రాసే చెయ్యి మారలేదు. దొరల మీద తిరగబడ్డ సంఘంతో తిరిగి తూటా తిన్నవాడు ఎవడొచ్చినా 'జ్వరం' అని రాయడం దాని అలవాటు. ఉన్నదున్నట్టు రాస్తే పోలీసులు మంచంతో సహా మోసుకుపోయేవాళ్లు మరి. జ్వరంలోంచి జకారం తీసేస్తే మిగిలేది వరమే గదా అని ఒకప్పుడు మురిసిపోయాడు కూడా.

డాక్టరు వేలు పెట్టి చదివారు. "నాలుగు జ్వరాలు. నలుగురూ పాతికేళ్లలోపే. నలుగురూ చివరి మంచమే. వయసు అడిగి, మంచం వెతుక్కుని వచ్చే జ్వరం ఏమిటయ్యా ఇది?"

"మంచానికేమన్న ఉన్నదేమో సాబ్" అన్నాడు పాషా మియా.

"మరి అయోడిన్ సీసాలన్నీ ఖాళీ. జ్వరానికి అయోడిన్ పట్టించావా?" అని డాక్టరు శంకరయ్యను అడిగారు.

సంఘపోళ్ల కోసం గుమ్మంలో తుపాకీతో కాపు వేసిన జవాను ఇటు తిరిగాడు. చివరి మంచం మీద ఇప్పుడు ఐదో జ్వరం పడుకుని ఉంది. పేరు కొండల్. సంఘపోళ్లకు సద్ది మోస్తుంటే తొడలో తూటా దిగింది. మెడదాకా దుప్పటి. పక్కన భార్య కాశమ్మ. నిజం చెబితే అతణ్నీ తననూ కలిపి తీసుకుపోతారు. చెప్పకపోతే ఏమవుతుందో డాక్టరే తేల్చేశారు.

"క్వినైన్ చాలడం లేదు. ఇతనికి రెట్టింపు వెయ్యి. ఇంకెవరూ ఇలా పోకూడదు."

పాపం, ఉన్నవాళ్లను బతికించడానికే ఆయన పోయినవాళ్లను లెక్కపెడుతున్నారు. లెక్క బాగానే ఉంది, ఎక్కమే తప్పు.

శంకరయ్య గోళీలు చేతిలో పోసుకున్నాడు. తుపాకీ గోళీ దిగినవాడికి మందు గోళీ మింగించాలి! ఇంకో రోజైతే పాషా మియాకు చెప్పి పకపకా నవ్వేవాడు. దుప్పటి అంచుల్లోంచి వాసన వస్తోంది. నాలుగుసార్లు ఎరిగిన వాసనే.

"నోరిప్పకు అన్నా, నీ కాల్మొక్త" అని గొణిగింది కాశమ్మ.

"ఇప్పకుంటె నీ మొగడు ఎల్లుండికి ఉండడు, చెల్లె."

శంకరయ్య దుప్పటి లాగేశాడు. జవాను రెండడుగులు లోపలికి వేశాడు. డాక్టరు కొండల్ తొడలోని పుండు వంక చూసి, చొక్కా చేతులు మడుస్తూ, "వేడినీళ్లు తేవయ్యా మియా! జవానూ, నువ్వు అక్కడే ఆగు, ముందు నా పని కానీ" అని అరిచారు. తర్వాత నెమ్మదిగా అడిగారు. "అయితే ఆ నలుగురు?"

శంకరయ్య డాక్టరుకే కాదు, జవానుకూ, కాశమ్మకూ, తలలెత్తి చూస్తున్న రోగులందరికీ వినబడేట్టు చెప్పాడు.

"వాళ్లకూ తూటాలే సాబ్. జ్వరమని నేనే రాసిన. కట్టు ఇప్పితె పోలీసోళ్లు చూస్తరని పగలు పుండు కడుగలే, దీపం వెడితె చూస్తరని రాత్రి కడుగలే. దుప్పటి కిందనే పుండ్లు కుళ్లినయ్. క్వినైన్‌ది తప్పు లేదు, మంచానిది తప్పు లేదు. దాచిపెట్టి బతికిస్తననుకున్న. దాచిపెట్టే సంపిన."