కుడిచేతి మీది మచ్చ

బీన్స్ ఈనెలు తీస్తూనే ఉత్తరాలు చదివి మూడు కుప్పలు పెట్టడం నా పని. పొగడ్తలు ఒకటి, తిట్లు ఒకటి, జవాబు రాయక తప్పనివి ఒకటి. మా ఆయన బొమ్మల నవల వచ్చి రెండు నెలలైంది. సముద్రపు దొంగలు, ఓడలు, రేవులో తెల్లదొరల పెత్తనం, చెరుకుతోటల్లో కొరడాలు, అంతా కలిపి మూడొందల పేజీలు. ఆయన భోంచేస్తుంటే వడ్డిస్తూ పొగడ్తల కుప్ప చదివి వినిపించాలి. తిట్లు కాఫీ అయ్యాకే.

ఫిరంగి పొగ ముక్కుకి తగిలిందని ఒకరు రాశారు. దొంగల నాయకుణ్ణి చూసి మీసం పెంచుతున్నానని ఇంకొకరు. కొట్లాటలు తక్కువ, గిన్నెలు తోమే ఆడవాళ్ళు ఎక్కువ అని ఒకాయన విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ గిన్నెలన్నీ నావే. ఆయన గీసేది మొహాలూ కత్తులూ. వెనకాల ఉండే తెరచాప తాళ్ళు, దొరబంగళా వంటిల్లు, అందులో పేరులేని పనిమనిషి, అన్నీ నేను గీసినవి. “వెనకాల ఏదో ఒకటి నింపెయ్యి, నీకలవాటేగా” అంటారు. పుస్తకం మీద నా పేరెందుకు లేదని ఒక్కసారి అడిగాను. “ఇంట్లోవాళ్ళకి పేర్లేమిటే?” అని అత్తయ్య, “చదివేవాళ్ళు గందరగోళపడతారు” అని ఆయన, ఇద్దరూ ఒకేసారి అన్నారు. పదకొండేళ్ళలో తల్లీకొడుకుల మాట కలిసింది అప్పుడే.

ఆ రోజు వచ్చిన ఉత్తరాల్లో ఒకటి డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ రాసింది.

“అయ్యా, మీ పనిమనిషి మణికట్టు మీద కాలిన మచ్చ ఉంది. నలభయ్యో పేజీలో ఎడమచేతికి, అరవై మూడులో కుడిచేతికి. మొదట పొరపాటనుకున్నాను. కుడిచేత్తో బొమ్మ వేసేవాళ్ళకి చూసి గీయడానికి ఖాళీగా ఉండేది ఎడమచెయ్యే. కుడిచెయ్యి కావాలంటే దాన్నే అద్దంలో చూసి గీస్తారు. నేనూ అలాగే గీసేదాన్ని. అంటే ఇది గీసినవాళ్ళ సొంత చెయ్యే. కానీ పుస్తకం వెనక ఫోటోలో మీ చేతుల మీద ఏ మచ్చా లేదు. ఇది ఎవరి చెయ్యి?”

ఈనెలు తీయడం ఆగిపోయింది. మూడేళ్ళ క్రితం పొయ్యి మీంచి మరిగే నీళ్ళు దించుతుంటే, “తాళ్ళు ఎంతవరకొచ్చాయి?” అని గదిలోంచి ఆయన కేకేశారు. నేను వెనక్కి తిరిగాను, నీళ్ళు ఎడమ మణికట్టు మీద పడ్డాయి. మర్నాటికి తాళ్ళు పూర్తిచేశాను. ఆ మచ్చ బొమ్మలోకి ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలీదు. ముక్కూ మొహం తెలియని మనిషి అంత దూరం నుంచి నా చెయ్యి పట్టుకున్నట్టయింది. ఏడుపొచ్చింది. ఇంత సూటిగా అడిగితే ఆయనైనా ఒక్కసారి నా పేరు చెప్పాలి కదా అనిపించింది.

ఆ ఉత్తరం ఏ కుప్పలోనూ పెట్టలేదు. భోజనాల దగ్గర అన్నిటికంటే ముందు అదే చదివాను.

ఆయన ముద్ద ఆపారు. “భలే కళ్ళు ఆవిడవి!”

“కాల్చుకుంటే కాల్చుకున్నావు, ఊరందరికీ చూపించాలా?” అన్నారు అత్తయ్య.

“రెండో ముద్రణకి ఆ మచ్చలన్నీ తీసెయ్యి. ఆవిడకి జవాబు రాసెయ్యి, మా ఇంట్లో పనిమనిషి చెయ్యి చూసి గీశానని. కాస్త నీళ్ళు పొయ్యి” అన్నారాయన.

వెటకారమేమో అని ఆయన మొహం చూశాను. కాదు. తోచిన మాట అనేసి తింటున్నారు. మా ఇంట్లో పనిమనిషి ఏనాడూ లేదు.

మధ్యాహ్నం సన్నకుంచె, తెల్లరంగు తీసుకుని కూర్చున్నాను. మొత్తం ముప్పై ఒక్క చేతులు. సాయంత్రం కాఫీ వేళకి అన్నీ నున్నగా అయిపోయాయి. తర్వాత కాగితం తీశాను. “నాది” అని రాస్తే ఆవిడ నమ్ముతుంది. సంతోషించి మళ్ళీ పుస్తకం మీదున్న ఆయన పేరునే ఉత్తరం రాస్తుంది. దాన్ని కూడా నేనే విప్పి, ఏ కుప్పలో పెట్టాలో చూడాలి. ఇంత చిన్న ఆశకి కూడా నాకు ఓపిక లేకపోయింది.

ఆయన చెప్పినట్టే రాశాను. ఎప్పటిలాగే ఆయన సంతకమూ నేనే పెట్టాను. కవరు అంటించే ముందు తప్పులేమైనా ఉన్నాయేమో చూడటం నా అలవాటు. “అది మా ఇంట్లో పనిమనిషి చెయ్యి.” రెండుసార్లు చదివాను. తప్పేమీ దొరకలేదు.