లంగ్గం అంటే పిట్ట

రాజోలు నుంచి వచ్చిన నాగదుర్గకి షార్జాలో వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లో తోడంటూ ఉన్నది రోవెనా ఒక్కతే. ఇద్దరూ పనిమనుషులే, ఇద్దరిదీ ఒకే గది. రోవెనాది ఫిలిప్పీన్స్‌లో బొహోల్ దీవి. వంటింటి కిటికీ మీద వాలే పావురాన్ని చూపించి "లంగ్గం" అని నేర్పింది. అన్నం, ఉప్పు, బెంగ, అన్నిటికీ తన మాటలు నేర్పింది. ఫిలిప్పీన్స్ వాళ్లందరిదీ ఆ భాషే అనుకుంది నాగదుర్గ. ఇండియా వాళ్లందరిదీ హిందీయే అని మేడమ్ అనుకోవడం లేదూ, అలాగే.

రోవెనా కూతురు అయ్రా ఒకటో తరగతి. బళ్లో మొన్నమొన్నటిదాకా చిన్నపిల్లలకి వాళ్ల దీవి భాష ఒక పాఠంగా ఉండేది, తీసేశారు. పరీక్షలో 'లంగ్గం' అన్న మాట పక్కన పిల్ల ముచ్చటగా పిట్ట బొమ్మ వేస్తే, టీచరు ఇంటు మార్కు పెట్టింది. క్లాసంతా గొల్లున నవ్వింది. ఆనాటి నుంచి ఫోన్లో అయ్రా అమ్మతో ఇంగ్లీషు ముక్కలే తప్ప అమ్మ భాష పలకలేదు. రోవెనా ఏడ్చి ఏడ్చి, ఖలాస్ అని పెట్టె సర్దుకుని పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. పిట్టని పిట్ట అంటే తప్పేమిటో నాగదుర్గకి అంతుపట్టలేదు.

ఆ తర్వాత గదిలో గోడలే మిగిలాయి. మనీలా నుంచి కొత్తమ్మాయి వస్తోందనగానే నాగదుర్గ ప్రాణం లేచొచ్చింది. నేర్చుకున్న మాటలన్నీ మళ్లీ ఆడుకోవచ్చు. పావురం వాలగానే ఆశగా చెయ్యి చూపించింది.

"లంగ్గం."

కొత్తమ్మాయి ఉలిక్కిపడింది. పంచదార డబ్బా మూత తీసి చూసింది, గట్టు కింద వెతికింది, చివరికి పురుగుల మందు స్ప్రే పట్టుకొచ్చింది. "వేర్, సిస్టర్?" అంటూ గట్టు మీద వేళ్లతో చీమ పాకినట్టు చూపించింది. "అవర్ టాక్, లంగ్గం దిస్. యువర్ టాక్, బిసాయా. ఐ డోంట్ నో."

టీచరు పెట్టిన ఇంటు మార్కు నాగదుర్గకి అప్పుడు అర్థమైంది. ఆ పరీక్ష మనీలా భాషది, అందులో లంగ్గం అంటే చీమ. నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. గదిలోకి పోయి రోవెనాకి వీడియో కాల్ చేస్తే అయ్రా ఎత్తింది. మమ్మీ బజారుకెళ్లిందట. నాగదుర్గ ఫోను కిటికీ వైపు తిప్పింది.

"వాట్ దిస్?"

"బర్డ్."

"మమ్మీ టాక్‌లో?"

పిల్ల వెనక్కి తిరిగి చూసుకుంది. నోరు ఫోనుకి ఆనించి, "లంగ్గం" అంది. "ఆంటీ, డోంట్ టెల్ టీచర్."

"చెప్పనులేమ్మా. ఎవ్వరికీ చెప్పను" అంది నాగదుర్గ తెలుగులోనే.

చెబుదామన్నా, ఇంత షార్జాలో ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకి ఎవరున్నారని.