బీరు తాగిన కంప్యూటరు

నెమేసియో యూహ్రా పట్టకారుతో లాప్‌టాప్ ఫ్యాను రెక్కల మధ్య నుంచి ఇంకో గులాబీ రంగు కాగితపు చుక్కను లాగి, దీపం వెలుగులో ఒకసారి చూసి సాసరులో వేశాడు. సాసరులో అప్పటికే పచ్చవీ, నీలివీ, పసుపువీ గుప్పెడు పోగయ్యాయి. లాప్‌టాప్ జరీ పని చేసే పెత్రోనాది. నిన్నటి బీరు అక్షరాల కింద బెల్లం పాకంలా గట్టిపడింది. ఒక మీట నొక్కితే పక్కవి రెండు కూడా దిగుతున్నాయి. అతను సీసాలోంచి స్పిరిట్ వంపి, గడ్డం గీసుకునే బ్రష్షు ముంచి, ఒక్కో సందూ రుద్దడం మొదలుపెట్టాడు.

చాల్యా పండుగ మర్నాడు, వరసగా కొట్లున్న మా గ్యాలరీలో ఏ రిపేరు కొట్టు చూసినా ఇదే తంతు. మంగళవారం నాడు ఈ ఎత్తైన కొండల మీది లా పాస్ నగరమంతా తనకు అన్నం పెట్టే వస్తువుకు మొక్కుతుంది. కారున్నవాళ్ళు కారుకీ, కుట్టుమిషను ఉన్నవాళ్ళు మిషనుకీ రంగు కాగితాల దండలు చుట్టి, పూరేకులు జల్లి, భూమితల్లి పచామామాకు బీరు ధార పోస్తారు. ధార నేల మీద పోయాలి. ఆ సంగతి చంటిపిల్లలకు కూడా తెలుసు. కానీ రెండో సీసా దాటాక నేలేదో కీబోర్డేదో ఎవరికి గుర్తుంటుంది? ప్రేమ ముదిరినవాళ్ళు నేరుగా యంత్రం నెత్తినే కుమ్మరిస్తారు. బుధవారం పొద్దున నుదుట చర్చిలో పెట్టిన బూడిద సిలువతో, చంకలో జిగటోడే లాప్‌టాప్‌తో మెట్లెక్కి వచ్చి, "ఏమైందో ఏమో మేస్త్రీ, ఉన్నట్టుండి ఆగిపోయింది" అంటారు. ఉన్నట్టుండి అట!

నెమేసియో ఎవర్నీ ఏమీ అనడు. అరవై దాటిన పొట్టి మనిషి. ఒక కాడ విరిగి, టేపు చుట్టిన కళ్ళద్దాలు. మోచేతుల దగ్గర చిరిగిన ఉన్ని స్వెట్టరు. మొహం బీట్‌రూట్ రంగు, పెదవులూ గోళ్ళూ నేరేడు రంగు. ఇంత ఎత్తున పుట్టి పెరిగినవాడికే ఈ ఎత్తు పడకుండా పోయింది. రక్తం చిక్కబడిపోతోందనీ, కొండ దిగి వెచ్చటి ఊళ్ళో ఉంటే తప్ప గుండె ఇక తట్టుకోదనీ డాక్టరు తేల్చి చెప్పాడు. మెట్లెక్కేటప్పుడు ప్రతి మలుపులో ఆగి, గోడ మీది ప్రకటన చదువుతున్నట్టు నటిస్తాడు. ఆ ప్రకటనలు అతనికి కంఠతా వచ్చేశాయి.

పనిలో మహా మేధావేమీ కాదు. అతనికి తెలిసిన వైద్యాలు మూడే. కడగడం, ఆరబెట్టడం, మెమొరీ ముక్క ఊడదీసి పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టడం. వీటికి లొంగని కేసును మొహమాటం లేకుండా పక్క వీధికి పంపేస్తాడు. ఒక్క పట్టింపు మాత్రం ఉంది. తెరిచిన పెట్టెను మూత బిగించకుండా వదిలిపోడు. మేనల్లుడి పెళ్ళికి బయల్దేరి, ఎవరిదో ప్రింటరు విప్పి ఉందని ఆగిపోయి, భోజనాలు కూడా అయ్యాక చేరిన ఘనుడు.

ఆ పెళ్ళికొడుకు తల్లి, నెమేసియో అక్క సతుర్నీనా, ఇప్పుడు కొట్టు మధ్యలో కట్టిన మూటల మీద కూర్చుని ఉంది. తలమీద గుండ్రటి టోపీ, కుచ్చెళ్ళ పావడా, ఒళ్ళో తన తోటలో కాసిన అరటిపళ్ళు. లోయలో ఉన్న తన ఊరికి తమ్ముణ్ణి తీసుకుపోవడానికి వచ్చింది.

"ఇది మూడోసారి రా," అంది. "మొదటిసారి ఒక్క పెట్టె అన్నావు, ఒంటరిగా పోయాను. రెండోసారీ ఒక్క పెట్టె అన్నావు, మళ్ళీ పోయాను. నాలుగోసారి నేను రాను. వస్తే నీ శవానికే వస్తాను."

"పొద్దున్నే ఆ మాటలేంటక్కా."

"సాయంత్రం బస్సెక్కకపోతే చూడు."

"ఎక్కుతానక్కా. ఈ ఒక్క పెట్టె..."

"నీ ఒక్క పెట్టెలు తగలెయ్య!"

కొట్టు ముందు బెంచీ మీద కాసియానో పంతులు కిసుక్కున నవ్వాడు. రిటైరైన టైపు మాస్టారు. నాలుగు మెతుకులు తిని, తలకి టోపీ పెట్టుకుని రోజూ ఇక్కడికే వస్తాడు. పాత ఇనప సీపీయూల తర్వాత పుట్టిందంతా ప్లాస్టిక్కు చెత్త అని అతని సిద్ధాంతం. ఎదుటి కొట్టులో ఫోను తొడుగులు అమ్మే డెల్మీరాది సరిగ్గా దానికి ఎదురు. ఏదైనా రెండేళ్ళు దాటితే విసిరేసి కొత్తది కొనాలంటుంది. ఇద్దరికీ మధ్య నెమేసియో. తల ఎత్తకుండానే ఒక్క మాట అని, ఇద్దర్నీ ఒకేసారి రెచ్చగొట్టడం అతని సరదా. గ్యాలరీలో మాలాంటివాళ్ళకు ఆ సరదా లేనిదే పొద్దు గడవదు.

"తడిసిన ఫోను బియ్యంలో పెట్టాలి. ప్రపంచమంతా అదే చేస్తుంది," అన్నాడు కాసియానో.

"బియ్యం కాదు పంతులుగారూ, కినోవా. గింజ చిన్నది, సందుల్లోకి దూరుతుంది," అంది డెల్మీరా.

"దూరితే ఇక వస్తుందా? మా తోడల్లుడి ఫోనులో, ఛార్జింగు పెట్టే చోట ఇప్పటికీ ఒక గింజ ఉంది. వానలకు మొలకెత్తుతుందని చూస్తున్నాడు."

"రెండూ కాదు, చునోలో పెట్టండి," అంది సతుర్నీనా మూట మీంచి. "మంచులో ఎండిన ఆలుగడ్డ కంటే తడి పీల్చేదేముంది? ఫోను దక్కకపోయినా పులుసైనా దక్కుతుంది."

నెమేసియో భుజాలు ఊగేలా నవ్వాడు.

"ఏ గింజలోనూ పెట్టకండి. బ్యాటరీ తీసి, విప్పి, ఊరుకోండి. ఊరుకోవడమే మీకు చేతకాదు."

పెత్రోనా లాప్‌టాప్ వెలిగింది. ఆమె దాన్ని గుండెలకు అదుముకుని, వచ్చే ఏడు నేల మీదే పోస్తానని ఒట్టేసి వెళ్ళింది. ఈ ఒట్టు పోయిన ఏడు కూడా వేసింది.

అప్పుడు డెల్మీరా తన కొట్టు కింద నుంచి ఒక పాత లాప్‌టాప్ తీసుకొచ్చింది.

"మేస్త్రీ, ఇది కూడా కాస్త చూడండి. ఫ్యాను తిరగట్లేదు. నిన్న రంగు కాగితం దూరినట్టుంది."

"నువ్వు రిపేరు చేయించడమా?" అన్నాడు నెమేసియో. "కొత్తది కొనవా?"

"ఇది... అలవాటైపోయింది మేస్త్రీ."

అతను విప్పాడు. ఫ్యాను ఇరుసుకు పసుపు రంగు కాగితపు రిబ్బను నీటుగా చుట్టుకుని ఉంది. చివర ముడి. దాని మీద ఇంకో ముడి. నెమేసియో కళ్ళద్దాలు పైకి జరుపుకుని మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళలో ఫ్యాన్లు జుట్టు చుట్టుకోవడం చూశాడు, దారం చుట్టుకోవడం చూశాడు, ఒకసారి ఎలుక తోకను కూడా. ఫ్యాను ముడి వేయగా ఎన్నడూ చూడలేదు.

తలెత్తాడు. డెల్మీరా అవతల ఫోను తొడుగులను రంగుల వారీగా మహా శ్రద్ధగా సర్దుతోంది. చెవులు ఎర్రగా ఉన్నాయి. కత్తెరతో ముడి కోసి, రెక్కలు తుడిచి, మూత బిగించాడు. చాలా సంతోషం వేసింది అతనికి. ఆ సంతోషం అక్కకు కనబడకుండా, తల వంచుకుని స్క్రూలు ఉన్నదానికంటే గట్టిగా తిప్పాడు.

మధ్యాహ్నం వాన మొదలైంది. రేకుల కప్పు మీద చప్పుడుకి కాసేపు ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. భోజనానికని వెళ్ళిన కాసియానో తన ఇనప సీపీయూని చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు దుప్పట్లో చుట్టి, ఎత్తుకుని, ఒగరుస్తూ వచ్చాడు. ప్రాణం పోయినా ఎవరినీ ముట్టుకోనివ్వని పెట్టె అది.

"మా ఆవిడ పని రా నెమేసియో," అన్నాడు బల్ల మీద దించుతూ. "నిన్న చాల్యాలో సీసా మొత్తం పోసేసింది. పొద్దుట్నుంచీ దీనికి ఉలుకూ పలుకూ లేదు."

సతుర్నీనా గోడ గడియారం వంక చూసి, ముక్కుతో గట్టిగా గాలి వదిలింది.

నెమేసియో నాలుగు స్క్రూలు తీసి పక్క రేకు లాగాడు. పెట్టె అడుగున బీరు మడుగు కట్టి ఉంది. మదర్‌బోర్డు నిండా చుక్కలు. మూలన, తీగల కింద, తెల్లటి నురగ ఇంకా చిటపటలాడుతోంది. అతను వేలు ముంచాడు. చల్లగా ఉంది. నాలుకకి రాసుకున్నాడు.

"పంతులూ, నిన్నటి బీరుకు నురగ ఉంటుందా?"

"మా ఆవిడ మంచి బీరే కొంటుంది."

"మీ ఆవిడ శనివారం ఒరూరో ఊళ్ళో ఉత్సవానికి పోయి ఇంకా రాలేదని పొద్దున నువ్వే కదా చెప్పావు?"

ఎదుటి కొట్టులోంచి డెల్మీరా ఆపుకోలేక అరిచింది:

"రాత్రే పోసి ఆరనివ్వమని చెప్పానా లేదా పంతులుగారూ!"

"నీ ముడి కూడా చూశానమ్మా," అన్నాడు నెమేసియో. "రెండు ముళ్ళు. ఒక్కటే అయితే నమ్మేవాణ్ణేమో."

డెల్మీరా రెండు చేతులతో మొహం కప్పుకుంది. నెమేసియోకి నవ్వు ముంచుకొచ్చింది. నవ్వి, దగ్గి, బల్ల పట్టుకుని మళ్ళీ నవ్వాడు. పెదవులు మరింత నల్లబడ్డాయి. అది చూసి సతుర్నీనా లేచి నిలబడింది. ఆమె మాత్రం నవ్వడం లేదు.

"ఏమయ్యా పంతులూ! చదువుకున్నవాడివి. నా తమ్ముణ్ణి ఇక్కడే చంపుకుందామని ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

కాసియానో టోపీ తీసి చేతుల్లో తిప్పసాగాడు.

"ఒక్క వారం అనుకున్నాం సతుర్నీనమ్మగారూ. పెట్టె తెరిచి ఉంటే పోడు కదా అని... ఒక్క వారం. తర్వాత మేమే బస్సెక్కిద్దామనుకున్నాం. వీడు పోతే నేనెవరితో పోట్లాడను? ఇంట్లో పోట్లాడితే నేనే ఓడిపోతాను."

సతుర్నీనా ఒక అరటిపండు తెంపి అతని చేతిలో పెట్టింది.

"తిను, పిచ్చిమొహమా," అంది.

నెమేసియో పనిలో పడ్డాడు. బీరు తుడిచాడు, మెమొరీ ముక్కలు తీశాడు, స్పిరిట్‌తో బోర్డు కడిగాడు, హెయిర్ డ్రయ్యర్ పట్టాడు. కానీ పంతులు ప్రేమ మామూలు ప్రేమ కాదు. పెట్టెలోని కరెంటు డబ్బాలోకి కూడా దిగింది బీరు. ఈ వానాకాలపు గాలిలో అది ఆరడానికి రోజులు పడుతుంది. తడి మీద మూత బిగిస్తే లోపల తుప్పు, స్విచ్చి వేస్తే మంట. అతనికి చేతనైన మూడు వైద్యాల్లో రెండోది, ఆరబెట్టడం, మిగిలిపోయింది. దానికి తను ఉండాలి.

సతుర్నీనా పెద్ద మూట వీపుకు కట్టుకుని, చిన్నది చేత్తో పట్టుకుని, గుమ్మం దగ్గర మెట్ల వైపు తిరిగి నిలబడింది. ఆమె తిట్టినంతసేపూ నెమేసియోకి భయం వేయలేదు. ఇప్పుడు వేసింది. వీపు వంగిపోయిన ఆ మనిషి ఇన్ని మలుపుల కొండదారి మూడోసారి ఒంటరిగా దిగుతుందని తోచింది.

స్క్రూడ్రైవరు తుడిచి, కాసియానో చేతిలో పెట్టాడు.

"ఆరాక నువ్వే మూత పెట్టు పంతులూ."

"నేనా? జన్మలో ఇది పట్టుకున్నానా నేను? అభిప్రాయాలు చెప్పడమే కదా నా పని!"

"నాలుగు స్క్రూలు. అభిప్రాయం లేకుండా కుడివైపు తిప్పు."

చేతులు కడుక్కున్నాడు. కోటు వేసుకున్నాడు. కొట్టు తాళంచెవి డెల్మీరాకి ఇచ్చాడు. ఆమె పండుగలో మిగిలిన రంగు కాగితాలు గుప్పెడు తెచ్చి అక్కాతమ్ముళ్ళ తలల మీద జల్లి, గుమ్మం ముందు బీరు ధార పోసింది. ఈసారి నేల మీదే. మేమందరం మెట్ల దాకా వెళ్ళాం. దిగుతూ అతను ఒక్క మలుపులో కూడా ఆగలేదు, గోడ మీది ఏ ప్రకటనా చదవలేదు. వెనక్కి తిరిగి చూస్తాడనుకున్నాం. చూడలేదు. చూస్తే ఆగిపోతానని అతనికి తెలుసు.

ఇప్పుడు జూన్, మాకు వానలు లేని చలికాలం. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. పెదవులు పగులుతున్నాయి. తడిబట్ట తీగ మీద వేసి ఇటు తిరిగేలోపు అట్టముక్క అవుతోంది. వారానికోసారి లోయలోంచి నెమేసియో ఫోను చేస్తాడు. గోళ్ళకు మళ్ళీ మామూలు రంగొచ్చిందట. అక్కతో సమానంగా మెట్టతోట ఎక్కి దిగుతున్నాడట. చెప్పకపోయినా ఊరివాళ్ళు రేడియోలూ ఫోన్లూ తెచ్చి మంచం చుట్టూ పేరుస్తున్నారట. కాసియానో ఫోనును స్పీకరులో పెట్టి, ప్లాస్టిక్కు వస్తువుల మీద కాసేపు పోట్లాడతాడు. డెల్మీరా మధ్యలో దూరుతుంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడితే గ్యాలరీ అంతా పని ఆపి వింటుంది.

"అవును గానీ పంతులూ," అంటాడు నెమేసియో చివర్లో. "నీ పెట్టె ఆరిందా?"

"ఎక్కడ! ఇక్కడ ఒకటే వాన."

అవతల కాసేపు నవ్వు వినబడుతుంది.

"అయితే మూత పెట్టకు," అంటాడు. "వచ్చి చూస్తాను."

కిటికీ పక్క బల్ల మీద ఇనప సీపీయూ పక్క రేకు లేకుండా అలాగే ఉంది, నాలుగు స్క్రూలూ దాని ముందు బీరుసీసా మూతలో ఉన్నాయి, సాయంత్రం కొట్టు కట్టేముందు డెల్మీరా దాని మీద దుమ్ము పడకుండా ఉతికిన గుడ్డ కప్పుతుంది.