తప్పించుకుందనుకున్న జింక

మా ఆయన సాయితేజ ఇకామా, అంటే సౌదీలో ఉండే పర్మిట్, రెన్యూ అయిందన్న మెసేజ్ వచ్చేసరికి నేను పూరీలు వత్తుతున్నాను. ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. స్థానికులకు ఎన్ని ఉద్యోగాలిచ్చారో లెక్కగట్టే నితాఖత్‌లో కంపెనీ రెడ్ నుంచి గ్రీన్‌కి వచ్చిందట. ఇంకో ఏడాది ఇక్కడే ఉండొచ్చు, నేను ఒక్కదాన్నే ఇంటికి తిరిగి వెళ్లక్కర్లేదు. కొత్త పెళ్లికూతురికి ఇంతకంటే ఏం కావాలి? పిండి చేతులతోనే అతని మెడ పట్టుకుని గెంతాను.

ఆ సాయంత్రమే సాయితేజకు పనిచ్చి వీసాకు పూచీపడ్డ కఫీల్ అబ్దుల్ ఘనీ, ఖమీస్ ముషైత్ ఊరి అవతల కొండవాలులో ఉన్న తన తోటకు మమ్మల్ని పిలిచాడు. అక్కడ జింకల్ని పెంచుతాడు. విందుకు ఒకదాన్ని తనే తుపాకీతో కాలుస్తానన్నాడు.

తుపాకీ పేలింది. జింక పడలేదు. వీపు గూనిలా వంచి, మెల్లగా నడిచి, తుమ్మపొద వెనక పడుకుంది. ఘనీ చెయ్యెత్తి అందర్నీ ఆగమన్నాడు.

"తగల్లేదు, తప్పించుకుంది" అన్నాను సంబరంగా. ఫోటో తీద్దామని పొద వైపు పరుగెత్తాను. సాయితేజ వెనక నుంచి పిలుస్తున్నా వినలేదు.

నన్ను చూసి అది లేచింది. కడుపు కింద ఎర్రగా తడి. బండల మధ్య నుంచి దూకి లోయలోకి దిగిపోయింది.

ఘనీ అరబ్బీలో చెప్పింది సాయితేజ నాకు చెప్పాడు. "కడుపుల తగిలితే గట్లనే వంగి నడుస్తదట. బెదిరియ్యకుంటే ఆడనే పండుకుంటదట, ఇంకో గుండుతోని బాధ తీర్చొచ్చట. బెదిరితే ఎంత దూరమైనా ఉరుకుతదట. పానం మాత్రం జల్ది పోదట."

అది లేచినప్పుడు నేను నొక్కిన ఫోటో బాగానే వచ్చింది. అందులో దాని కళ్లు నావైపే ఉన్నాయి.

నన్ను తోటలోనే ఉంచి, మగవాళ్లు చీకటి పడేదాకా వెతికారు. దొరకలేదు. కోడి కోసి కబ్సా పులావు వండారు. నేను పళ్లెం పక్కకు జరిపాను.

"తెలువక చేసినవ్, ఊకో" అన్నాడు సాయితేజ. "మళ్ల గా ముచ్చట ఆయన ముంగట తియ్యకు. ఇకామా ఇయ్యాల్నే వచ్చింది."

"మనకు ఇకామా వచ్చిందని అది ఆడ తండ్లాడాల్నా?"

"నీ సంబరంతోని ఎప్పటికైనా నా కొలువు వోతది" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు.

లేచి ఘనీ దగ్గరికి వెళ్లాను. తప్పు నాదేనని ఇంగ్లీషులో చెప్పాను. అది ఏ బండల మధ్య నుంచి దిగిందో నేనొక్కదాన్నే చూశాను, నన్ను తీసుకెళ్లమన్నాను. సాయితేజ తల దించుకున్నాడు.

ఘనీ గడ్డం నిమురుకున్నాడు.

"రేపు తెల్లవారుజామున ఫజర్ నమాజ్ కాగానే జీపు తీస్తాను. నువ్వు ముందు కూర్చుని దారి చూపించు. కనబడ్డాక మాత్రం, నేను కాల్చేదాకా కిందికి దిగొద్దు."