మూడో పిలుపు

ఎండుగడ్డి తడిపి మెత్తబరచాలి. తలకు పీచు తీయని కొబ్బరికాయ చూడాలి. పోలారావు చొక్కా, లుంగీ పెట్టెలోంచి తీయాలి. పాడెకు వెదురు కొట్టాలి. పొద్దు వాలకముందే కాల్చేయాలి. నేను పుట్టకముందే నాకు జరగాల్సినవన్నీ ఇలా ఖరారైపోయాయి.

నేను ఒక గడ్డిబొమ్మను. సముద్రంలో చేపల వేటకు వెళ్లి శవమైనా దొరకని మనిషికి బదులుగా మా తీరంలో నాలాంటివాళ్లను కట్టి దహనం చేస్తారు. పోలారావు పడవ తిరగబడితే తమ్ముడు దానయ్య ఒక్కడే ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడు. వానలు మొదలయ్యాయి, తగ్గిపోయాయి, అన్న మాత్రం రాలేదు. ఇక కర్మ జరిపించాలని కులపెద్ద అప్పలసూరి చెప్పాడు. నన్ను కట్టింది దానయ్యే. ముడులు గట్టిగానే వేశాడు గానీ నా ముఖం వైపు ఒక్కసారీ చూడలేదు. నాకు అనుమానం అప్పుడే మొదలైంది.

పోలారావు భార్య నూకరత్నం నన్ను తేరిపార చూసింది.

"మా ఆయన ఇంత పొట్టోడు కాదు," అంది.

అప్పలసూరి నా మీద నీళ్లు చల్లాడు. "ఇప్పుడిది బొమ్మ కాదమ్మీ. నీ పెనిమిటే."

అలా నేను మనిషినయ్యాను. కూడు పెట్టడానికి కాదు, పని చెప్పడానికీ కాదు, కాల్చడానికి. అందుకే వాళ్ల తొందర నాకు నచ్చలేదు.

దారిలో దింపుడు కళ్లం వచ్చింది. అక్కడ శవాన్ని దించి, ప్రాణం ఇంకా ఉందేమోనన్న ఆశతో అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. మూడో పిలుపుకూ పలక్కపోతేనే కాటికి. నన్ను మోసేవాళ్లు అక్కడ ఆగలేదు. నూకరత్నం అడ్డంగా నిలబడింది.

"దించండి. పిలవరా?"

"బొమ్మకి పిలుపేటే? జనం నవ్వుతారు," అన్నాడు అప్పలసూరి.

"ఇంటికాడ మనిషన్నావు గదా మావా! దార్లోకొచ్చేసరికి బొమ్మయిపోనాడా? మనిషైతే పిలవండి. బొమ్మైతే నా గాజులెందుకు పగలగొడతారు?"

"మా ఒదిన లాయరు సదివినట్టుందిరా," అని మోసేవాళ్లలో ఒకడు గొణిగాడు. ఎవరూ నవ్వలేదు.

"పిలురా దానిగా," అన్నాడు అప్పలసూరి చివరికి.

దానయ్య మోకాళ్ల మీద వంగాడు. నా చెవంటే కొబ్బరిపీచే. "అన్నియా," అన్నాడు. రెండోసారీ అన్నాడు. మూడోసారి పిలవకుండానే లేచి వెనక్కి జరిగాడు.

"నాను పిలవనేను. పలికేత్తే..."

"పలికితే ఏటవుద్ది, దానయ్యా?" అంది నూకరత్నం.

అతను ఇవాళ్టికీ చెప్పలేదు.

మొదలుపెట్టినవాడే మూడూ పిలవాలి; మూడో పిలుపు పడనివాణ్ని కాల్చకూడదు. నన్ను వెనక్కి తెచ్చి వలల పాకలో ఆనించారు. నూకరత్నం గాజులు ఆమె చేతులకే ఉన్నాయి. అప్పుడప్పుడు వచ్చి చొక్కా మీద దుమ్ము దులుపుతుంది. చొక్కా మొగుడిది కాబట్టి దులుపుతుంది, నాతో మాట్లాడదు. దానయ్య మాత్రం పాక గుమ్మం తొక్కడు. నన్ను నిజంగా మనిషనుకుంటున్నది ఊళ్లో అతనొక్కడేనేమో. ఉత్త గడ్డికి ఎవరైనా అంత భయపడతారా? పడవ మీద ఏం జరిగిందో నాకు తెలియదు. తెలిసినవాడు చెప్పడు.

నేను మనిషినో కాదో మీరు తేల్చక్కర్లేదు. పోలారావని ఒకడు, నాకంటే జానెడు పొడుగు. అతణ్ని మాత్రం గుర్తుంచుకోండి.