తాడు పట్టినవాళ్ళ డ్రైవర్

కంపెనీ మనిషి నరేంద్రబాబు నోటీసు పట్టుకుని బిట్రగుంట అవతలి సముద్రపు ఒడ్డుకొచ్చేసరికి, వినీల ఊరివాళ్ళతో కలిసి వల లాగుతోంది.

"వల ఒడ్డుకొచ్చేదాకా మాటల్లేవు సార్. తొందరైతే మీరూ ఒక చెయ్యి వెయ్యండి," అంది.

అతను బూట్లు విప్పి తాడు పట్టాడు.

పడవల్లో, అవెక్కడున్నాయో సంకేతాలు పంపే, తక్కువ కరెంటుతో నడిచే చిన్న పరికరాలుంటాయి. ఆ సంకేతాలు అందుకునే వేలెడంత వైర్‌లెస్ డాంగిల్‌ను నరేంద్రబాబు కంపెనీ అమ్మేది; దాన్ని కంప్యూటర్‌కు తగిలిస్తే పడవల జాడ ఒడ్డున తెలిసేది. కొత్తవి అమ్ముకోవడానికి కంపెనీ పాత డాంగిల్‌కు సాఫ్ట్‌వేర్ ఆపేసింది. ప్రోగ్రాములు రాయడం వచ్చిన వినీలకు ఒళ్ళు మండింది. ఏ కంపెనీ డాంగిల్‌నైనా పనిచేయించే డ్రైవర్ ప్రోగ్రాం తానే రాసి, కోడ్‌తో సహా ఇంటర్నెట్‌లో అందరికీ పెట్టేసింది. ఎక్కడెక్కడి వాళ్ళో దాన్ని దిద్దారు, పెంచారు.

వల ఒడ్డు చేరింది. వినీల మేనత్త కామమ్మ చేపలు పంచుతూ నరేంద్రబాబు ముందూ ఒక కుప్ప పోసింది.

"నాకెందుకమ్మా? వల మీది కదా!"

"తాడు పట్టినోళ్ళందరికీ వాటా ఉంటాది నాయనా."

అతను సంబరంగా చేపలు సంచిలో వేసుకుని, వినీలకు నోటీసు అందించబోయాడు. "మా డాంగిల్‌కు మీ డ్రైవర్ ఏందమ్మా? తీసెయ్యి."

వినీల నోటీసు ముట్టుకోలేదు.

"ఆ డ్రైవర్‌కు తాడు పట్టినోళ్ళు ఊరూరా ఉండారు. వాళ్ళ వాటా నన్ను లాక్కోమంటారా? ముందు మీ సంచిలో చేపలు కింద పొయ్యండి సార్, అప్పుడు మాట్లాడదాం."