కిటికీలో కుంటి నక్క

ఆ చలికాలమంతా దర్జీ ఆవిడ కుట్టిందాని కంటే కిటికీలోంచి చూసిందే ఎక్కువ. వెలుతురు కోసం కుట్టుమిషన్‌ను వెనక కిటికీకి ఆనించి పెట్టుకుంది. అవతల మంచు కప్పిన పెరడు, అది దాటితే పైన్ చెట్ల అడవి. కుందేళ్లు గెంతుకుంటూ వచ్చేవి, వడ్రంగిపిట్ట ఎండుచెట్టును వాయగొట్టేది, జింకలు కంచె వాసన చూసి తమ దారిన పోయేవి. ఆవిడ తొక్కుడు ఆపి, చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూసేది. వచ్చేవారం ఇస్తానన్న కోటు వచ్చే చలికాలానికైనా అందుతుందా అని ఊళ్లోవాళ్లు దెప్పిపొడిచేవాళ్లు.

అన్నిటిలోకీ ఆవిడకు ఒక నక్కంటే ప్రాణం. ఎర్రగా, ఒత్తైన తోకతో కంచె వెంబడి వచ్చేది. సరిగ్గా చింపిరి పొద దగ్గరకు వచ్చేసరికి ముందుకాలు ఈడ్చి, ఒక కుంటు కుంటి, మళ్లీ సర్దుకునేది. మొగుడు పోయాక ఆవిడకు అదే మొదటి చలికాలం. "నువ్వూ నేనూ కుంటుకుంటూ ఎలాగోలా ఈ చలి గట్టెక్కేద్దాం" అని నక్కతో చెప్పేది. అది వినేది కాదు గానీ, చెప్పుకున్నాక ఆవిడకు గుండె కాస్త తేలికయ్యేది.

పక్కిల్లు ఆవిడ అన్నయ్యది. అన్నకు కోళ్ల షెడ్డు ఉంది. కోళ్లు మాయమవుతుంటే ఒళ్లు మండి ఇనుప బోను పెట్టాడు.

"కుంటిది పడితే మాత్రం వదిలెయ్యాలి అన్నయ్యా."

"సరేలే, నీ చుట్టం జోలికి నేనెందుకు పోతాను" అన్నాడు అన్న. అతను మాట తప్పే మనిషి కాదు. అలాగని కోడి పోతే ఊరుకునే మనిషీ కాదు.

ఒకరోజు పొద్దున్నే గోడ మీంచి కేకేశాడు. ఆవిడ వెళ్లేసరికి బోనులో నక్క అటూ ఇటూ తిరుగుతోంది. అదే ఎరుపు, అదే తోక. కానీ నడక తీర్చి దిద్దినట్టుంది.

"ఇదేనా నీది?"

"కాదనుకుంటా."

"అనుకుంటా ఏంటే? అవునో కాదో చెప్పు. వేటగాడికి కబురు పెట్టాను, వచ్చేస్తుంటాడు."

నక్క ఆగి ఆవిడ మొహంలోకి చూసింది. ఆవిడకు బుర్ర తిరిగిపోయింది. తెలిసినదానిలా చూస్తోంది, తెలియనిదానిలా నడుస్తోంది. "కుంటడం లేదుగా... కాదు" అనేసి, వెనక్కి చూడకుండా ఇంటికొచ్చేసింది.

మిషన్ ముందు కూర్చుందన్న మాటేగానీ సూదిలో దారం ఎక్కలేదు. మంచు పడి రోడ్డు మూసుకుపోవడంతో వేటగాడు అడ్డదారిన పెరటి వెనక నుంచి వస్తున్నాడు. ఊళ్లో అతణ్ణి కొలబద్ద అంటారు. నడుము వంచడం ఎరగని మనిషి, అడుగు తడబడగా ఎవరూ చూడలేదు. అలాంటివాడు కూడా చింపిరి పొద దగ్గర కాలు ఈడ్చి, ఒక కుంటు కుంటి, సర్దుకుని ముందుకు నడిచాడు.

ఆవిడకు ఏమీ అర్థం కాలేదు. ఇతనికేమైంది? తల కొంచెం పక్కకు జరిపింది. పొద కూడా కుంటింది. తల మళ్లీ ఇటు జరిపితే మళ్లీ కుంటింది. కిటికీది తాతలనాటి అద్దం. ఆ మూల ఒక చోట అలలా ఉబ్బి ఉంది. మార్పిస్తానని అన్న ఎన్నిసార్లు అన్నా, ఆవిడే వద్దంది.

మెడలో టేపు, చేతిలో కత్తెర అలాగే ఉన్నాయి. చెప్పులైనా వేసుకోకుండా మంచులో పడి పరుగెత్తింది. వేటగాడు అప్పటికే భుజం మీంచి తుపాకి తీస్తున్నాడు.

"ఆగండి! అది నాదే!"

అన్న బిత్తరపోయాడు. "ఇందాకే కాదన్నావుగా?"

"ఇందాక అద్దం లేదు."

ఇద్దరు మగాళ్లూ మొహమొహాలు చూసుకున్నారు.

"అద్దమేంటే? అది నీదని ఇప్పుడెలా తెలిసింది?"

"తెలియదు" అంది ఆవిడ రొప్పుతూ. "ఒకటే వచ్చేదో, పది వచ్చేవో కూడా తెలియదు. కానీ ఇది నాది కాదని ఎలా చెప్పను?"

అన్న చెల్లెలి కాళ్ల వైపు చూశాడు. చలికి ఎర్రగా కంది ఉన్నాయి. ఏదో సణుక్కుంటూ బోను తలుపు ఎత్తాడు. నక్క బయటికి దూకి, చింపిరి పొద పక్కనుంచి నేరుగా, ఎక్కడా తడబడకుండా అడవిలోకి పోయింది. ఈసారి మధ్యలో అద్దం లేదు.

ఆవిడ అక్కడే నిలబడి ఏడ్చేసింది.

"ఎందుకే ఏడుస్తావ్, బతికిపోయిందిగా!"

"దాని కాలు బాగానే ఉంది అన్నయ్యా."

"మంచిదేగా మరి!" అంటూ అన్న తన కోటు తీసి ఆవిడ భుజాల మీద కప్పాడు.

"మంచిదే" అంది ఆవిడ కళ్లు తుడుచుకుంటూ. "మరి ఇన్నాళ్లూ నాతోబాటు కుంటింది ఎవరు?"